ఏడేళ్లు నిండిన అభ్యర్థి

శ్రోతలకు నమస్కారం. అమెరికా ప్రతినిధుల సభలో కూర్చోవాలంటే ఆ దేశపు పౌరసత్వం వచ్చి ఏడేళ్లు నిండి ఉండాలని అక్కడి రాజ్యాంగం నిర్దేశిస్తుంది. 1956 నవంబరులో కాలిఫోర్నియా 29వ నియోజకవర్గం గెలిపించిన దలీప్ సింగ్ సౌంద్‌కు పోలింగు నాటికి ఆ ఏడేళ్లు నిండనే లేదు. ఆయన పౌరుడైంది 1949 డిసెంబరులో. 1957 జనవరి 3న సభలో అడుగుపెట్టేనాటికి గడువు తీరి ఇంకా నెల కూడా కాలేదు. గణితంలో డాక్టరేటు చేసిన మనిషి, లెక్క తప్పుతాడా!

పంజాబులోని ఒక పల్లెలో 1899లో పుట్టిన సౌంద్, 1920లో చదువు కోసం అమెరికా వెళ్లి, 1924లో బర్క్లీ విశ్వవిద్యాలయం నుంచి ఆ పట్టా పొందారు. కానీ భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు అంతకు ముందు ఏడాదే తీర్పు ఇచ్చింది. దాంతో ఆయన కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలో సేద్యానికి దిగారు. విదేశీయుల భూచట్టం వల్ల సొంత పేరున నేల కొనే వీలు లేదు. ఆర్థిక మాంద్యంలో పంట ధరలు పడిపోయి అప్పులపాలైనా, దివాలా పత్రం దాఖలు చేయకుండా ఏళ్ల తరబడి కష్టపడి బాకీలు తీర్చారు. 1946లో వచ్చిన చట్టం భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరిచింది. వలసకు మాత్రం భారతదేశం మొత్తానికీ కలిపి ఏటా వంద మందికే అనుమతి. మన తెలుగువారు వేల సంఖ్యలో వెళ్లడం 1965 వలస చట్టం తరువాతి మాట. 1950లో సౌంద్ వెస్ట్‌మోర్లాండ్ పట్టణ న్యాయాధికారిగా ఎన్నికల్లో గెలిచినా, పౌరుడై ఏడాది కాలేదని ఆ పదవి దక్కనివ్వలేదు. 1952లో మళ్లీ నిలబడి గెలిచారు.

ఇక ఎన్నికల ఖర్చు సంగతి. 1956లో ఆయన ప్రత్యర్థి జాక్వెలిన్ కాక్రన్ ధ్వని వేగాన్ని దాటిన తొలి మహిళా పైలట్, కోటీశ్వరుడి భార్య. సొంత విమానం నడుపుకుంటూ ఊరూరా ప్రచారం చేశారు. సౌంద్ కుటుంబ సభ్యులు, స్నేహితులు గడప గడపకూ తిరిగి కొత్త ఓటర్లను నమోదు చేయించారు. నాడు విరాళాలపై పర్యవేక్షణ నామమాత్రం. ఆ పని చూసే ఫెడరల్ ఎన్నికల సంఘం 1975లో గాని పని మొదలుపెట్టలేదు. కాబట్టి ఎవరు ఎంత ఖర్చు పెట్టారో నేడు డాలరు లెక్కన తేల్చడం కన్నా, ఆ విమానాన్నీ ఈ నడకనూ పక్కపక్కన పెట్టి చూడటమే మేలని నాకనిపిస్తుంది. స్వల్ప ఆధిక్యంతో గెలుపు నడకకే దక్కింది.

కొత్త సభ్యుడికి అరుదుగా దొరికే విదేశీ వ్యవహారాల కమిటీలో ఆయనకు తొలి ఏడాదే చోటు దొరికింది. 1957 పౌరహక్కుల బిల్లును సమర్థించారు. విదేశాలకు అమెరికా ఇచ్చే సహాయం పాలకుల దగ్గరా ఆయుధాల దగ్గరా ఆగిపోక, సామాన్యుల దాకా చేరాలని వాదించారు. పొలం అప్పుల బాధ ఎరిగిన మనిషి నోట ఆ మాట సహజంగానే వచ్చి ఉంటుంది.

మూడుసార్లు గెలిచిన సౌంద్‌కు 1962లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ శరత్కాలంలో ఆయన పేరు బ్యాలెట్ మీద ఉంది గాని, ఓటరు గడపకు ఆయన రాలేకపోయారు. ఆ ఎన్నికలో ఓడిపోయారు.