రోమ్ గొడవల్లో మాకియవెల్లి చూసినదేమిటి?

అందరికీ నమస్కారం.

రోమ్ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది సీజర్, సైన్యం, సామ్రాజ్యం. రాజకీయ చింతకులను మాత్రం చక్రవర్తుల కంటే ముందు నడిచిన గణతంత్రమే ఎక్కువగా పట్టుకుంది. క్రీ.పూ. 509లో రాజును వెళ్లగొట్టి ఏర్పాటు చేసుకున్నామని రోమన్లు చెప్పుకున్న ప్రభుత్వం అది. రాజుకు బదులు పాలించడానికి ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అధికారులు, వాళ్లే కాన్సళ్లు; ఒకరి నిర్ణయాన్ని ఇంకొకరు ఆపగలరు. పెద్దల సభ అయిన సెనేట్ ఉంది, ఓటు వేసే ప్రజాసభలున్నాయి. గ్రీసు నుంచి బందీగా వచ్చిన చరిత్రకారుడు పాలిబియస్, రోమ్ బలమంతా ఈ మూడూ ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకోవడంలోనే ఉందని రాశాడు.

నాకు అంతకంటే లోతుగా అనిపించేది ఇటలీ రాజకీయ చింతకుడు మాకియవెల్లి ఆలోచన. 1512లో ఫ్లోరెన్స్ గణతంత్రం కూలిపోయి, ఉద్యోగం పోయి, తర్వాతి ఏడాది జైల్లో చిత్రహింసలు కూడా పడ్డ మనిషి ఆయన. ఆ తర్వాతే, రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన రోమ్ చరిత్ర మీద వ్యాఖ్యానం రాశాడు. అది అచ్చయింది 1531లో, ఆయన పోయిన నాలుగేళ్లకు. కులీనులకూ సామాన్యులకూ మధ్య గొడవలే రోమ్‌ను పాడుచేశాయని అప్పటిదాకా పెద్దలు అనేవారు. కాదు, రోమ్‌ను స్వేచ్ఛగా ఉంచింది ఆ గొడవలేనని మాకియవెల్లి వాదించాడు. అప్పుల బాధ భరించలేక సామాన్యులు క్రీ.పూ. 494లో నగరం వదిలి కొండ మీదకు వెళ్లిపోయారని లివీ చెబుతాడు. వాళ్లు తిరిగొచ్చింది తమను కాపాడే ట్రిబ్యూన్ అనే పదవి సాధించుకున్నాకే. ట్రిబ్యూన్ మీద చేయి వేయడం మహాపరాధం. కాన్సల్ ఆజ్ఞనైనా అతను అడ్డుకోగలడు. జనం వీధుల్లోకి రాకపోతే ఆ పదవి ఎక్కడిది?

మాకియవెల్లి స్నేహితుడు గుయిచార్దీని దీనికి ఒప్పుకోలేదు. మందు బాగా పనిచేసిందని రోగాన్ని పొగుడుతారా అని అడిగాడు. గట్టి ప్రశ్నే. అయినా నేను మాకియవెల్లి పక్షమే. అణిగి ఉన్నవాళ్లు నోరు మెదపని నగరాన్ని ఆరోగ్యంగా ఉందని ఎలా అంటాం?

అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787-88లో వచ్చిన ఫెడరలిస్ట్ వ్యాసాల కింద సంతకం పబ్లియస్ అని ఉంటుంది. అది రోమన్ పేరు. సెనేట్ లేకుండా ఎక్కువకాలం నిలిచిన గణతంత్రం చరిత్రలో లేదని అందులో వాదించారు. సెనేట్ పెట్టుకున్నారు, ట్రిబ్యూన్‌ను మాత్రం పెట్టుకోలేదు. ఎవరు ఏది తీసుకున్నారో చూస్తే ఎవరికి దేనంటే భయమో తెలుస్తుంది.

ఇంకో సంగతి. కాన్సళ్లను ఎన్నుకునే సభలో ఓటు మనిషికొకటి కాదు, సంపదను బట్టి కట్టిన గుంపుకొకటి. ప్రాచీన చరిత్రకారుల లెక్క ప్రకారం మొత్తం 193 గుంపుల్లో 98 ధనికులవే. వాళ్లు ఒక్కటైతే పేదల వంతు రాకముందే ఫలితం తేలిపోయేది. చరిత్రకారుడు రోనాల్డ్ సైమ్ కూడా 1939లో ఈ గణతంత్రం వెనుక కొద్ది కుటుంబాల పెత్తనమే ఉందన్నాడు.

ఇక మన దగ్గరికి వస్తే, 1936లో అంబేడ్కర్ కుల నిర్మూలన ప్రసంగంలో ఈ సామాన్యుల చరిత్రనే ఎత్తుకున్నారు. లాహోర్ సభ రద్దు కావడంతో ఆ ప్రసంగం చదవనే లేదు, పుస్తకంగానే వచ్చింది. తమ వాళ్లలోంచి కాన్సల్‌ను ఎన్నుకునే హక్కు ఉండి కూడా, తమ పక్షాన గట్టిగా నిలబడే కాన్సల్‌ను వాళ్లు ఎందుకు తెచ్చుకోలేకపోయారని ఆయన అడిగారు. ఎన్నికైనవాడికి దైవ సమ్మతి కావాలి, సమ్మతి ఉందో లేదో చెప్పే పూజారులు కులీనులు, ఆ నమ్మకాన్ని సామాన్యులూ వదులుకోలేదు. ఇదీ అంబేడ్కర్ జవాబు. పదవుల లెక్క దగ్గరే ఆగిపోకుండా, ఆయన జనం నమ్మకాల దాకా వెళ్లారు.

ఇక మీ ప్రశ్నలు వింటాను.