ఆ కాలమ్ ఎవరూ చదివి చెప్పలేదు

వేదిక మీదున్న పెద్దలకు, హెడ్మాస్టర్ గారికి, నాతోటి ఉపాధ్యాయులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, పదో తరగతి పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాద. కానీ ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళు అందరి పేర్లూ చెప్పారు, పిల్లలు పొద్దున తిన్న టిఫిన్‌తోనే కూర్చున్నారు, అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

ఇందాక మైకు వరుసగా ఇచ్చి పెద్దయ్యాక ఏమవుతారని అడిగారు కదా, మీరు చెప్పినవన్నీ విన్నాను. పోలీసు, ఆర్మీ, డాక్టరు, పైలట్, సాఫ్ట్‌వేర్, మళ్ళీ ఆర్మీ. చివరి వరుసలో ఒక బాబు లేచి లోకో పైలట్ అన్నాడు. ఆ మాట వినగానే నేను రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. బాబూ, ఎక్కడున్నావు? ఆ, అక్కడా. కూర్చో నాన్నా. ఇక నేను మాట్లాడేదంతా నీకే అనుకో.

నేను పుట్టి పెరిగింది కాజీపేటలో. బాపు గ్యాంగ్‌మన్. పట్టాల వెంట మైళ్ళు నడిచి బోల్టులు బిగించడం, కంకర సర్దడం ఆయన పని. మా ఇంటి ఎదురు వరుసలో డ్రైవర్ల క్వార్టర్లు ఉండేవి. అప్పట్లో లోకో పైలట్ అనే మాట లేదు, డ్రైవర్ సాబ్ అనేవాళ్ళం. అర్ధరాత్రి కాల్ బాయ్ సైకిల్ మీద వచ్చి తలుపు కొట్టి, కాల్ బుక్‌లో సంతకం తీసుకుని వెళ్ళేవాడు. కాసేపటికి డ్రైవర్ సాబ్ లైన్ బాక్స్‌తో బయల్దేరేవాడు. ఆ పెట్టె మూత తెరిస్తే లోపల ఎర్రజెండా, పచ్చజెండా, చేతి లాంతరు, పొగమంచులో పట్టా మీద పెట్టి పేల్చే డిటొనేటర్లు, వండుకోవడానికి గిన్నెలు ఉండేవి. నాకు ప్రపంచంలో అంతకు మించిన వస్తువు ఇంకోటి లేదు. నేను డ్రైవర్ని కావాలనుకున్నాను. ఇంజనీర్ కాదు, స్టేషన్ మాస్టర్ కాదు, డ్రైవర్.

బండి నడిపేటప్పుడు డ్రైవరు, అసిస్టెంటు ఇద్దరూ ముందు కనబడే సిగ్నల్‌ని ఒకరికొకరు గట్టిగా చెప్పుకోవాలి, అది రూలు, ఇప్పటికీ ఉంది. ఒకరు చూసి చెప్తారు, రెండో వాళ్ళు చూసి మళ్ళీ చెప్తారు. మేం పిల్లలం ఫుట్ బ్రిడ్జి మీద నిలబడి అదే ఆడేవాళ్ళం. దూరంగా సిగ్నల్ మారగానే ముందు ఎవరు అరిస్తే వాళ్ళు డ్రైవరు. నేను చాలాసార్లు గెలిచేవాణ్ణి. ఎందుకు గెలిచానో మీరు జాగ్రత్తగా వినాలి. మూడు దీపాల స్తంభం ఉంటుంది కదా, పైన ఆకుపచ్చ, మధ్యలో పసుపు, కింద ఎరుపు. నేను రంగు చూసి అరవలేదు, దీపం ఏ చోట వెలిగిందో చూసి అరిచాను. మిగతావాళ్ళూ అలాగే చూస్తారనుకున్నాను. పుట్టినప్పటి నుంచి ఒకే రకంగా చూసే కంటికి ఇంకో రకం చూపు ఉంటుందని ఎలా తెలుస్తుంది?

సూచనలు లేకపోలేదు. పరకాల వైపు మా అమ్మమ్మ వాళ్ళకి మిరపచేను ఉండేది. సెలవుల్లో వెళ్తే కాయ ఏరడానికి మమ్మల్నీ తీసుకుపోయేవాళ్ళు. పండుకాయ ఒక్కటే తెంపాలి, పచ్చిది ముట్టకూడదు. నా బుట్టలో సగం పచ్చివే వచ్చేవి. అమ్మమ్మ నెత్తిన ఒకటి మొట్టి "ధ్యాస ఏడ పెట్టినవురా" అనేది. ఎర్రటి కాయ ఆకుల్లోంచి నిప్పులా కనబడుతుందని అందరూ అంటారు, నాకు కాయా ఆకూ కలిసిపోయి కనబడేవి. వేళ్ళతో నొక్కి, మెత్తగా ఉంటే పండింది అని తెంపడం నేర్చుకున్నాను. అదంతా అల్లరి కింద, అశ్రద్ధ కింద పోయింది. ఒక్కరికీ అనుమానం రాలేదు, రావడానికి వాళ్ళకి మాత్రం ఏం తెలుసు.

పది పాసయ్యాను, ఐటీఐ చేశాను, పరీక్షకు కోచింగ్ తీసుకున్నాను. బాపు సొసైటీలో అప్పు తీసి ఫీజు కట్టాడు. ఎక్కడ, ఏ సంస్థ అనేది చెప్పను, వాళ్ళ మీద కక్ష తీర్చుకోవడానికి రాలేదు. కానీ ఆ సంస్థలో లెక్కలు చెప్పారు, జీకే చెప్పారు, ఇంజన్ బొమ్మ గీయించారు, ఫీజు ఆలస్యమైతే వారానికోసారి గుర్తుచేశారు. నోటిఫికేషన్‌లో వైద్య ప్రమాణం అని ఒక కాలమ్ ఉంటుంది, డ్రైవర్ ఉద్యోగానికి ఎదురుగా ఏ-1 అని ఉంటుంది, దాని అర్థం ఇది అని మాత్రం ఒక్కరూ చదివి చెప్పలేదు. రాతపరీక్ష పాసయ్యాను. ఇంట్లో పండగ చేశారు.

తర్వాత వైద్య పరీక్ష. డాక్టర్ గారు నా ముందు ఒక పుస్తకం పెట్టారు. పేజీ నిండా రంగు చుక్కలు, వాటి మధ్యలో ఒక అంకె ఉంటుంది. మొదటి పేజీలో 12. చెప్పాను. ఆ పేజీ అందరికీ కనబడేదేనని అప్పుడు తెలీదు. రెండో పేజీ తిప్పారు, 3 అన్నాను, గట్టిగా, ఫుట్ బ్రిడ్జి మీద అరిచినట్టే. ఆయన తలెత్తి నన్ను చూశారు. అక్కడ ఉన్నది 8. ఎరుపు, ఆకుపచ్చ విడిగా తెలియనివాళ్ళకి ఆ పేజీలో 3 కనబడుతుంది. ఆ తర్వాత కొన్ని పేజీల్లో నాకు ఏ అంకే కనబడలేదు, ఒట్టి చుక్కలు. ఆయన కోప్పడలేదు. "బాబూ, నీ తప్పు కాదు, పుట్టుకతో వచ్చింది, మందు లేదు" అని చెప్పి కాగితం మీద రాసేశారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రంగులు తెలియనివాడు బండి నడపకూడదన్న ఆ రూలు తప్పు అని నేను ఏనాడూ అనలేదు. 1875లో స్వీడన్‌లో లాగర్‌లుండా అనే చోట రెండు రైళ్ళు గుద్దుకున్నాయి, మనుషులు చనిపోయారు. హోమ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త ఇందులో రంగులు పోల్చుకోలేని కన్ను పాత్ర ఉందేమో అని అనుమానించి, రంగురంగుల ఊలు దారాలు పెట్టి రైల్వే సిబ్బందిని పరీక్షించడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మనం వాడే చుక్కల పుస్తకం జపాన్ డాక్టర్ ఇషిహార 1917లో వేసింది. వెయ్యిమంది నిద్రపోతుంటే బండి నడిపేవాడికి రాత్రిపూట ఎరుపేదో ఆకుపచ్చేదో తెలిసి తీరాలి. కాబట్టి రూలు మీద నాకు కోపం లేదు.

కోపం ఎక్కడంటే, ఆ పరీక్ష ఎప్పుడు పెట్టారన్న దాని మీద. కుప్ప నూర్చాక గింజ తాలు అని చెప్పినట్టు, అప్పు అయ్యాక, చదువు అయ్యాక, ఊరంతా డ్రైవర్ సాబ్ అని పిలవడం మొదలుపెట్టాక చెప్పారు. ఆ పుస్తకం తిప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాలు! ఎనిమిదో తరగతిలో ఎవరైనా ఆ ఐదు నిమిషాలు నాకిచ్చి ఉంటే బాపు ఆ అప్పు చేసేవాడే కాదు. పెద్దలారా, మీరే చెప్పండి, ఇది న్యాయమేనా?

ఇందాక ఒక సార్ కలాం గారి గురించి చెప్పారు. ఎయిర్‌ఫోర్స్ పైలట్ కావాలని డెహ్రాడూన్ వెళ్తే ఎనిమిది మందిని తీసుకున్నారు, ఆయన తొమ్మిదో స్థానంలో నిలిచారు. గొప్ప జీవితం, నేనూ క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. కానీ ర్యాంకు తప్పినవాడికి ఇంకా బాగా రాయాల్సింది అని అనుకునే వీలుంటుంది. ఒంట్లోనే లేనిదాని కోసం ఏళ్ళు ధారపోసినవాడికి అనుకోవడానికి కూడా ఏమీ ఉండదు. అందుకే ఈ రెండూ ఒకటి కాదంటున్నాను.

మా ఊరిక్కూడా ఒక కల ఉండేది, అది చెప్పకుండా నేను కాజీపేట పేరు ఎత్తలేను. కోచ్ ఫ్యాక్టరీ వస్తుందని మేం చదువుకునే రోజుల్లో ఇంటింటా అదే మాట. ఫలానావాడి కొడుక్కి ఫిట్టర్, ఫలానావాడికి వెల్డర్ అని ఉద్యోగాలు కూడా పంచేసుకున్నారు. 1985లో అది పంజాబ్‌లోని కపూర్తలాలో మొదలైంది. 2023 జులైలో కాజీపేటకి వ్యాగన్ల తయారీ యూనిట్‌కి శంకుస్థాపన జరిగింది. మధ్యలో ఎంతమంది పిల్లలు ఐటీఐ సర్టిఫికెట్లు పట్టుకుని పెళ్ళీడు దాటిపోయారో నాకు తెలుసు, వాళ్ళలో నా స్నేహితులున్నారు. సరే, దీని గురించి మొదలుపెడితే పొద్దు గూకుతుంది.

నేను ఇంటికొచ్చి చాలా రోజులు బయటికి పోలేదు. ఎదురింటి డ్రైవర్ సాబ్ ఒకరోజు వచ్చి, "ఖాళీగనే ఉన్నవ్ గద బిడ్డా, మా వాడికి లెక్కలు జెప్పు" అన్నాడు. కాలం–దూరం లెక్కలు. ఇన్ని మీటర్ల రైలు ఇన్ని మీటర్ల ప్లాట్‌ఫాంని దాటడానికి ఎంత సమయం పడుతుంది, మీకూ ఉంది కదా ఆ పాఠం. ప్లాట్‌ఫాం పొడవుకి రైలు పొడవు ఎందుకు కలపాలో వాడికి అర్థం కాలేదు. స్టేషన్‌కి తీసుకెళ్ళి నిలబెట్టాను. ఇంజన్ ప్లాట్‌ఫాం దాటింది, రైలు దాటిందా అని అడిగాను. వెనక గార్డు పెట్టె ఇంకా మా ముందు నుంచి పోతోంది. లేదు సార్ అన్నాడు. సార్ అన్నాడు! నన్ను మొదటిసారి సార్ అన్నది వాడే. ఆ సాయంత్రం నుంచి కాలనీ పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. తర్వాత డిగ్రీ, బీఎడ్, డీఎస్సీ, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ పని నాకు ఇష్టంగా, ప్రాణంగా మారింది, ఎవరో నెట్టితే వచ్చిపడ్డానని నేను ఒప్పుకోను.

నేను ఆగిపోయిన ఆ 1980ల చివర్లోనే మహారాష్ట్రలోని సాతారా నుంచి వచ్చిన సురేఖా యాదవ్ గారు మన దేశంలో మొదటి మహిళా రైలు డ్రైవర్ అయ్యారు. 2025లో రిటైర్ అయ్యారు. ఆవిడ మొదట ఏం కావాలనుకున్నారో తెలుసా? లెక్కల్లో బీఎస్సీ, బీఎడ్ చేసి టీచర్ కావాలనుకున్నారట. నేను కోరుకున్న పని ఆవిడకి దక్కింది, ఆవిడ కోరుకున్న పని నాకు దక్కింది. అది చదివిన రోజు ఎంతసేపు ఆ పేపర్ పట్టుకుని కూర్చున్నానో.

ఉద్యోగంలో చేరాక ఆ చుక్కల పుస్తకం ఒకటి కొన్నాను. ప్రతి ఏడాది ఎనిమిదో తరగతికి పెట్టేవాణ్ణి. ఒకసారి ఒక పిల్లవాడు, ఆర్మీ అంటే ప్రాణం పెట్టేవాడు, రెండో పేజీలో 3 అన్నాడు. మర్నాడు వాళ్ళమ్మ బడికొచ్చింది, పొలం నుంచి నేరుగా, కాళ్ళకి మట్టితో. "మా వాని కండ్లకేమైంది సార్, సూదిల దారం ఎక్కిస్తడు, చీకట్ల గొర్రెల్ని లెక్కవెడ్తడు" అని గట్టిగా అడిగింది. కూర్చోబెట్టి చెప్పాను. చూపు బాగానే ఉందమ్మా, రెండు రంగులు విడిగా తెలియవు, అంతే. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంటే కాసేపు ఆలోచించి, మా తమ్ముడు కూడా మిరపకాయ ఏరలేడు సార్ అంది. నాకు ఒళ్ళు జలదరించింది.

మేనమామ పోలిక అంటాం కదా, ఇందులో అది అక్షరాలా నిజం. ఇది తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. తల్లికి మామూలుగా ఉండదు, ఆమె మోసుకొస్తుంది, కొడుకులో బయటపడుతుంది. మగపిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికైనా ఉంటుంది, ఆడపిల్లల్లో చాలా అరుదు, మేనరికాలు ఉన్న ఇళ్ళలో ఆడపిల్లలకీ వచ్చే అవకాశం పెరుగుతుంది. తల్లులారా, ఇది మీ తప్పు కాదు. ఇంట్లో ఎవరైనా అత్తగారు ఇది విని కోడల్ని ఒక్క మాట అన్నా నేను వచ్చి మాట్లాడతాను.

ఆ పిల్లవాడు రెండు రోజులు ఏడ్చాడు. పద్నాలుగేళ్ళ వయసులో ఏడ్చాడు, ముందు ఇంకా బోలెడు దారి ఉండగా ఏడ్చాడు. ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు, ఊళ్ళో ఇల్లు కట్టాడు.

పిల్లలూ, భయపెట్టడానికి చెప్పట్లేదు. మూసుకున్న తలుపులు కొన్ని తెరుచుకున్నాయి కూడా. 2020 జూన్‌లో కేంద్రం నిబంధన మార్చి, ఈ లోపం కొద్దిగానో మధ్యస్థంగానో ఉన్నవాళ్ళకి డ్రైవింగ్ లైసెన్స్ వీలు కల్పించింది. 2022లో సుప్రీంకోర్టు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌ని ఇలాంటి విద్యార్థులకి కోర్సుల్లో తలుపులు మూయొద్దని చెప్పింది. రైల్వేలో కూడా సీ-1, సీ-2 అనే ప్రమాణాలున్న ఉద్యోగాలకి ఈ రంగుల పరీక్ష లేదు. కానీ లోకో పైలట్‌కి ఏ-1 ఏ-1నే. అద్దాలు లేకుండా రెండు కళ్ళకీ 6/6 ఉండాలి, రంగులు తెలియాలి, అద్దాలు పోవడానికి కంటికి చేసే లేసిక్ ఆపరేషన్ చేయించుకున్నా పనికిరాదు. 2024 జనవరిలో అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్ 5,696 పోస్టులతో వచ్చి తర్వాత 18,799కి పెరిగింది. లక్షల ఇళ్ళల్లో ఆశ పుట్టింది, కోచింగ్ సెంటర్లు కిటకిటలాడాయి. ఆ కాలమ్ ఎంతమంది చదివారు? సెల్‌ఫోన్ ఎక్కువ చూసి అద్దాలు తెచ్చుకున్న పిల్లలు మనలో ఎంతమంది లేరు?

హెడ్మాస్టర్ గారూ, మీకు నా విన్నపం. అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టుమచ్చలు రాసుకుంటాం. దాని పక్కన రంగుల చూపు అని ఒక గడి గీయించండి. పైసా ఖర్చు లేదు. సర్పంచ్ గారూ, మీరు నవ్వుతూ తలూపుతున్నారు, ఊపితే చాలదు, ఆ పుస్తకం ఒకటి పంచాయతీ తరఫున బడికి ఇప్పించండి.

బాబూ, లోకో పైలట్, నువ్వు లేచి రా. నా సంచిలో పుస్తకం ఉంది. ట్యూబ్‌లైట్ కింద సరిగ్గా తేలదు, పగటి వెలుతురు కావాలి, అందుకే సన్మానం శాలువా తర్వాత కప్పుదురు గానీ ముందు ఈ పని కానిద్దాం. వరండాలో వెలుతురు బాగుంది, కుర్చీ ఒకటి అక్కడ వేయించండి. ఒక్కో పేజీకి మూడు సెకన్లు, ఏం కనబడితే అది చెప్పాలి, పక్కవాడు అందించకూడదు. వీడి తర్వాత ఎనిమిదో తరగతి వాళ్ళు వరుసగా రండి. ఆడపిల్లలు కూడా.