రౌటర్‌కు శిక్ష వేయాలా, కేబుల్ కోసినవాళ్లకా? (స్టూడియో చర్చ, రాతప్రతి)

మోడరేటర్: 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు పాకి ఐదుగురు చనిపోయాక, హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు. ఇళ్లలో నెట్ పోయింది. సూటిగా అడుగుతున్నా, తప్పు కోసినవాళ్లదా, వేలాడదీసినవాళ్లదా?

కన్సల్టెంట్: ప్రశ్నే తప్పండి! పూర్తిగా తెగిన లైన్‌తో రౌటర్‌కి టెన్షన్ లేదు, ఇంకో దారి చూసుకుంటుంది. సగం నలిగి వస్తూ పోతూ ఉండే లైన్‌తోనే చావు. అవతలి నెక్స్ట్ హాప్, అంటే డేటా వెళ్లాల్సిన తర్వాతి రౌటర్, మాయమైన ప్రతిసారీ, దాన్ని నమ్ముకున్న రూట్లన్నిటికీ బీజీపీ, అంటే నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి, మళ్లీ దారి వెతకాలి. ఫుల్ టేబుల్, అంటే ఇంటర్నెట్ మొత్తం దారుల పట్టిక, దాదాపు 10 లక్షల రూట్లు!

మోడరేటర్: అంటే కోయడం వల్లే కదా?

కన్సల్టెంట్: కాదంటున్నా! డ్యాంపింగ్, అంటే వస్తూ పోతూ ఉండే రూట్‌ని కాసేపు పక్కన పెట్టడం, అది పెట్టకపోవడం వల్ల. సిస్కో కంపెనీ రౌటర్లలో రూట్ పోయిన ప్రతిసారీ 1000 పెనాల్టీ. 2000 దాటితే పక్కన పెట్టేస్తుంది. 15 నిమిషాలకోసారి పెనాల్టీ సగమవుతూ 750 కిందికి దిగాకే మళ్లీ లోపలికి. అల్లరి పిల్లాణ్ని క్లాసు బయట నిలబెట్టినట్టు.

ఇంజినీర్: ఏ అల్లరీ చేయనివీ బయటికే పోయాయి సార్. లైన్ ఒక్కసారి పోయినా, బీజీపీ వేరే దారులు వెతుకుతూ వరసగా అప్‌డేట్లు పంపుతుంది. దూరపు రౌటర్ వాటినీ లెక్కేస్తుంది, గంట దాకా సైట్ అందదు. అందుకే 2006లో రైప్ వాళ్లు, అదే యూరప్ నెట్‌వర్క్ ఆపరేటర్ల వేదిక, డ్యాంపింగ్ వద్దన్నారు...

కన్సల్టెంట్: 2014లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ వాళ్లు వాడొచ్చన్నారుగా! వాళ్ల పత్రం ఆర్ఎఫ్‌సీ 7196!

ఇంజినీర్: మీరన్న ఆ 2000 హద్దుని కనీసం 6000 పెడితే! అయినా అది బయటి రూట్ల మందు. మన గొడవ లోపలి నెక్స్ట్ హాప్‌ది. దాన్ని ఇంటర్‌ఫేస్ దగ్గరే, అంటే లైన్ రౌటర్‌కి తగిలే చోటే, ఆపాలి. లైన్ పోయిందన్న కబురు వెంటనే, వచ్చిందన్న కబురు కాసేపు ఆగి...

(ఇద్దరూ ఒకేసారి. వినపడలేదు.)

కేబుల్ ఆపరేటర్: నన్నూ ఒక్క మాట చెప్పనివ్వండి. మా మెయిన్ లైనూ, బ్యాకప్ లైనూ ఒకే స్తంభం మీదివి. రౌటర్‌లో ఏం పెడితే ఏం లాభం?

మోడరేటర్: చూశారా! మళ్లీ స్తంభం దగ్గరికే వచ్చాం. భూమిలో వేయొచ్చుగా?

కేబుల్ ఆపరేటర్: రోడ్డు తవ్వడానికి పర్మిషన్, దానికి డబ్బు...

కన్సల్టెంట్: అదంతా తర్వాత! డ్యాంపింగ్ పెట్టండి, అంతే. 1000, 2000, 750.

(ఆ అంకెలు అప్పటికి మూడోసారి. రెండోసారి చెప్పింది కోలాహలంలో పోయింది.)

ఇంజినీర్: నేను చెప్పేది ఇంకా...

మోడరేటర్: టైమ్ అయిపోయింది. తప్పెవరిదన్నది తేలలేదు గానీ, డ్యాంపింగ్ కావాలని మాత్రం ప్యానెల్ అంగీకరించింది.

ఇంజినీర్: ఎవరంగీకరించారండీ?

కన్సల్టెంట్: అంగీకరించకపోతే ఇంకోసారి చెప్తా, 1000...