నిద్ర గురించి చదవాలంటే ఏ కోర్సు తీసుకోవాలి?

[తెర మీద కోర్సుల జాబితా. కర్సర్ పైకీ కిందకీ తిరుగుతూ ఉంటుంది.]

కొత్త సెమిస్టర్. కళ్ల ముందు బారెడు జాబితా. పేరు బాగుందని ఒకటి, ఫ్రెండ్ తీసుకున్నాడని ఒకటి, మార్కులు ధారాళంగా వేస్తారట అని ఇంకొకటి... టిక్కులు పెట్టేస్తాం. నేనూ అలాగే పెట్టాను. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు ఒక విషయాన్ని పట్టుకుని ఒక్కో క్లాసులోకీ వెళ్లి చూద్దాం. నిద్ర అనుకోండి.

[యానిమేషన్: ఒక దిండు గది నుంచి గదికి వెళ్తుంది.]

సైకాలజీ గదిలో నిద్రను కొలుస్తారు. నిద్రలో కళ్లు చకచకా కదిలే దశ ఒకటి ఉందని 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు రాశారు. నిద్రపోయేవాళ్ల కళ్ల దగ్గర ఎలక్ట్రోడ్లు అంటించి, కాగితం మీద పడే గీతలు చూసి పట్టుకున్న సంగతి అది. మీరు చేయాల్సిన పనీ ఆ బాపతుదే. ప్రయోగాలు, గ్రాఫులు, స్టాటిస్టిక్స్. ఎదుటివాళ్ల మనసు చదివేయొచ్చని చేరినవాళ్లు రెండో వారానికే బిక్కమొహం వేస్తారు.

పక్క గది చరిత్ర. పారిశ్రామిక యుగానికి ముందు పశ్చిమ ఐరోపాలో చాలామంది రాత్రి రెండు విడతలుగా పడుకునేవాళ్లని, మధ్యలో కాసేపు లేచి ఉండేవాళ్లని రోజర్ ఎకర్చ్ అనే చరిత్రకారుడు 2001లో ఒక వ్యాసంలో వాదించాడు. ఇది ఆయనకెలా తెలిసింది? పాత కోర్టు వాంగ్మూలాలు, డైరీలు తిరగేస్తే. వాంగ్మూలం ఇచ్చినవాళ్లు ఏదో నేరం గురించి చెబుతూ, మధ్యలో తమ మొదటి నిద్ర గురించి యథాలాపంగా ఒక మాట అనేసి ఉంటారు. ఆ ఒక్క మాట కోసం కట్టలు కట్టలు చదవాలి. అది మీకు సరదాగా అనిపిస్తే చరిత్ర మీకోసమే. తేదీలు బట్టీ కొట్టడమే చరిత్ర అనుకుని దూరం పెట్టకండి.

తత్వశాస్త్రం గదిలో ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ 1641లో వేసిన ప్రశ్న ఇంకా నడుస్తూనే ఉంది: ఇప్పుడు నేను కల కనడం లేదని నాకెలా తెలుసు? సోషియాలజీ వాళ్లు అడిగేది వేరు. నైట్ షిఫ్ట్ ఎవరికి పడుతుంది, పసిబిడ్డ ఏడిస్తే ఇంట్లో ఎవరు లేస్తారు?

విషయం ఒకటే, చేసే పనే వేరు. అందుకే కోర్సు పేరు పక్కన పెట్టి, వారం వారం నాతో ఏం చేయిస్తారో చూడాలంటాను.

[తెర మీద పన్నెండు పేజీల వ్యాసం. అంచుల నిండా పెన్సిల్ రాతలు.]

ఇప్పుడు నా సంగతి. వారానికి పన్నెండే పేజీలు చదవాలని చూసి, తేలిగ్గా అయిపోతుందని తత్వశాస్త్రం తీసుకున్నాను. మొదటి పేజీకే నలభై నిమిషాలు పట్టింది. మూడో పేరా ఐదుసార్లు చదివాను, ఐదుసార్లూ వేరే అర్థం వచ్చింది. అదే సెమిస్టర్‌లో నవలల కోర్సుకు వారానికి రెండు వందల పేజీలు. అవి మాత్రం బస్సులో కూర్చుని చదివేసేదాన్ని. పేజీల లెక్క చూసి మోసపోయాను.

[సిలబస్ మీదికి జూమ్. మార్కుల పట్టిక దగ్గర ఆగుతుంది.]

సిలబస్ చేతికి రాగానే చాలామంది మొదటి పేజీలోని వర్ణన చదివి ఆగిపోతారు. మీరు నేరుగా మార్కుల పట్టికకు వెళ్లండి. చివరి వ్యాసానికే 60 శాతం అని ఉంటే, సెమిస్టరంతా హాయిగా గడిచి చివర్లో మీద పడుతుంది. వారం వారం చిన్న రాతలుంటే విసుగే, కానీ గుండె దడ తక్కువ. ఏది నయమంటే, నా ఓటు రెండోదానికే.

తర్వాత గంటలు. అమెరికా కాలేజీల్లో పాత లెక్క ఒకటుంది: ఒక క్రెడిట్‌కు వారానికి గంట క్లాసు, బయట రెండు గంటల చదువు. మూడు క్రెడిట్ల కోర్సుకు తొమ్మిది గంటలు. అలాంటివి ఐదు తీసుకుంటే 45. ఐరోపా లెక్కలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు మొత్తం మీద 25 నుంచి 30 గంటల పని.

ఈ గంటల్లో సర్దేస్తానని మీకు గట్టి నమ్మకం ఉండొచ్చు. బ్యూలర్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సైకాలజీ విద్యార్థులు తమ థీసిస్‌కు సగటున 34 రోజులు పడుతుందనుకున్నారు. పట్టింది 55 రోజుల పైనే. మనసు గురించి చదివేవాళ్ల పరిస్థితే అది!

ఇక వెల్‌బీయింగ్ కోర్సులు. యేల్ విశ్వవిద్యాలయంలో 2018లో లారీ శాంటోస్ అనే సైకాలజీ ప్రొఫెసర్ మొదలుపెట్టిన ఆనందం కోర్సుకు దాదాపు 1,200 మంది చేరారు. హోంవర్క్‌లో ఇంకొంచెం నిద్రపోవడం కూడా ఉంది. మంచి కోర్సే. కానీ ఇప్పటికే కిక్కిరిసిన టైమ్‌టేబుల్లో దాన్ని ఆరోదిగా ఇరికిస్తే, ఆ హోంవర్క్ ఎప్పుడు చేస్తారు? టెన్షన్ భరించలేనంతగా ఉంటే మాత్రం కోర్సు కోసం చూడకండి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి.

[ఖాళీ క్యాలెండర్. ఒక్కో గడువు తేదీ ఎర్రగా మారుతుంది.]

అన్ని సిలబస్‌లూ ముందేసుకుని, గడువులన్నీ ఒకే క్యాలెండర్లో గుర్తు పెట్టండి. నాకైతే పదకొండో వారంలో మూడు వ్యాసాలు ఒకేసారి పడ్డాయి. కోర్సు మార్చుకునే గడువు రెండో వారంలోనే అయిపోయింది. ఆ తేదీ కూడా అదే క్యాలెండర్లో, అన్నిటికంటే ముందు రాయండి.