21 నిమిషాలు బతుకు, 3 నిమిషాలు చావు: డెత్ స్ట్రాండింగ్‌లో శక్తులున్న మనుషులు

ఒక మనిషి ఉన్నాడు. 21 నిమిషాలు మామూలుగా మాట్లాడతాడు, నవ్వుతాడు, కాఫీ ఇస్తాడు. తర్వాత అతని గుండె ఆగిపోతుంది. 3 నిమిషాలు సోఫాలో శవంలా పడి ఉంటాడు. ఛాతీకి తగిలించుకున్న మిషన్ షాక్ కొడుతుంది. లేచి కూర్చుంటాడు, కళ్ళు తుడుచుకుంటాడు, మళ్ళీ మాట అందుకుంటాడు. ఇంకో 21 నిమిషాలు. లెక్క వేసి చూడండి, రోజుకి 60 చావులు.

నమస్కారం అండీ. ఈ వీడియోలో మాట్లాడుకునేది డెత్ స్ట్రాండింగ్ గురించి. హిడియో కొజిమా తీసిన గేమ్, 2019 నవంబర్ 8న ప్లేస్టేషన్ 4లో, అంటే పీఎస్4లో వచ్చింది. 2025 జూన్‌లో రెండో భాగం కూడా వచ్చింది, కానీ నేను మొదటి భాగం గురించే మాట్లాడతాను. కథలో ముఖ్యమైన విషయాలన్నీ చెప్పేస్తాను. ఆడదామన్న ఆలోచన ఉంటే వీడియో ఇక్కడ ఆపేసి, ఆడి రండి. నేనేం అనుకోను.

ఆడనివాళ్ళ కోసం ఆ లోకం గురించి రెండు ముక్కలు. చచ్చిపోయినవాళ్ళ లోకానికీ మన లోకానికీ మధ్య ఉన్న గోడ బద్దలైపోయింది. చనిపోయినవాళ్ళు వెనక్కి వస్తున్నారు. వాళ్ళని బీటీలు అంటారు, మామూలు కంటికి కనిపించరు. ఒక బీటీ బతికున్న మనిషిని పట్టుకుని మింగిందంటే పెద్ద పేలుడు, ఊరు ఊరే గొయ్యి అయిపోతుంది. దాన్ని వాయిడ్‌అవుట్ అంటారు. వాన కూడా మామూలు వాన కాదు. టైమ్‌ఫాల్. ఆ చినుకు దేనిమీద పడితే దానికి వయసైపోతుంది. ఇనుము తుప్పు పడుతుంది, చర్మం ముడతలు పడుతుంది. అందుకే అమెరికాలో మిగిలినవాళ్ళు గోడల వెనకా నేల కిందా బతుకుతుంటారు. మందులు కావాలన్నా, విత్తనాలు కావాలన్నా ఎవరో ఒకరు వీపున మోసుకొచ్చి ఇవ్వాలి. అలా మోసేవాళ్ళలో ఒకడు మన హీరో, సామ్ పోర్టర్ బ్రిడ్జెస్.

ఈ లోకంలో కొంతమందికి డూమ్స్ అనేది ఉంటుంది. అది జబ్బో శక్తో తేల్చి చెప్పలేం. డూమ్స్ ఉన్నవాళ్ళకి బీటీల జాడ తెలుస్తుంది. కొందరికి దగ్గర్లో ఉన్నారని మాత్రమే తెలుస్తుంది, కొందరికి కళ్ళకే కనిపిస్తారు, ఇంకొందరు వాళ్ళని తమ చెప్పుచేతల్లోనే పెట్టుకోగలరు. కానీ బీటీలు దగ్గరికి రాగానే వీళ్ళ కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారతాయి. ఏడుపు రాకపోయినా సరే. నిద్రపోతే లోకం అంతమైపోతున్న పీడకలలు.

మామూలుగా గేమ్స్‌లో శక్తి అంటే ఏంటి? లెవెల్ పెరుగుతుంది, కొత్త పవర్ వస్తుంది, చేతిలోంచి నిప్పు వస్తుంది, మనకి హాయిగా ఉంటుంది. ఈ గేమ్‌లో అలా హాయినిచ్చే శక్తి నాకు ఒక్కటీ కనిపించలేదు. ఎవరికి ఏ శక్తి ఉందో చూడండి, ఆ మనిషి సరిగ్గా అక్కడే విరిగి ఉంటాడు. మనకి అశ్వత్థామ కథ తెలుసు కదా. చావు లేదు, కానీ నుదుటి మీద పుండు మానదు. చావు లేకపోవడమే శాపం. నాకు ఈ గేమ్‌లో సామ్‌ని చూసినప్పుడల్లా అశ్వత్థామే గుర్తొస్తాడు.

సామ్ చచ్చిపోడు. అతన్ని రీపేట్రియేట్ అంటారు, అంటే చావు నుంచి వెనక్కి తిరిగొచ్చేవాడు. దీన్ని కొజిమా మాటల్లో చెప్పి వదిలెయ్యలేదు, మన చేత ఆడించాడు. సామ్ ప్రాణం పోయాక నీళ్ళ అడుగున ఒక చీకటి లోకంలో తేలుతాం. మెరిసే దారాలు కనిపిస్తాయి. వాటిని పట్టుకుని ఈదుకుంటూ వెళ్ళి, దూరంగా తేలుతున్న మన శరీరాన్ని మనమే వెతుక్కోవాలి.

అసలు దెబ్బ తర్వాత ఉంది. మనం బీటీకి దొరికిపోయి వాయిడ్‌అవుట్ జరిగితే సామ్ తిరిగొస్తాడు, కానీ మ్యాప్ మీద గొయ్యి మిగిలిపోతుంది. నేను మొదటిసారి అలా చచ్చిపోయి లేచాక, అంతకుముందు నడిచిన పచ్చిక నేల ఉండాల్సిన చోట నల్లటి పెద్ద గుంత చూశాను. నాకేం కాలేదు. ఆ నేలకి అయింది. గేమ్‌లో చచ్చిపోతే ఇంత తప్పు చేసినట్టు నాకు ఇంకెక్కడా అనిపించలేదు.

ఇంకో మాట. బీటీల మీద పనిచేసే ఆయుధం సామ్ రక్తమే. రక్తం నింపిన గ్రెనేడ్లు, రక్తంతో పేలే తుపాకులు. దగ్గర బ్లడ్ బ్యాగులు అయిపోతే తుపాకీ నేరుగా అతని ఒంట్లోంచే తోడుకుంటుంది, ప్రాణం తగ్గిపోతుంటుంది. ఇంతమందికి ప్రాణం పోసే ఈ మనిషికి ఎవరైనా ముట్టుకుంటే భయం. షేక్‌హ్యాండ్ కూడా ఇవ్వలేడు. ఒళ్ళంతా చేతి గుర్తులు, అతన్ని పట్టుకోబోయిన బీటీల చేతుల గుర్తులు.

అతని ఛాతీ మీద ఒక గాజు గుడ్డులాంటి దాంట్లో పసిబిడ్డ ఉంటుంది. బీబీ. ఆ బిడ్డ సాయంతోనే సామ్‌కి బీటీలు కనిపిస్తాయి. మనం కింద పడితే బిడ్డ ఏడుస్తుంది. ఆ ఏడుపు టీవీలోంచి రాదు, మన చేతిలో ఉన్న కంట్రోలర్ స్పీకర్‌లోంచి వస్తుంది. కంట్రోలర్‌ని ఉయ్యాల ఊపినట్టు ఊపితే ఊరుకుంటుంది. రాత్రి పన్నెండింటికి హాల్లో కూర్చుని ప్లాస్టిక్ ముక్కని జోకొట్టాను నేను. మనస్ఫూర్తిగా జోకొట్టాను.

ఇప్పుడు ఫ్రాజైల్. ఈమె పాత్రకి రూపం ఇచ్చింది లేయా సేడూ. ఈమె తన బీచ్ ద్వారా ఒక చోట మాయమై ఇంకో చోట తేలగలదు. బీచ్ అంటే చావుకీ బతుకుకీ మధ్య ఉండే ఒడ్డు, ఈ గేమ్‌లో ఎవరి బీచ్ వాళ్ళకి ఉంటుంది. ఎంత గొప్ప శక్తి! ఆటలో మనకి కూడా వాడుకోనిస్తుంది, కాకపోతే వీపు మీది సామాను వెంట రాదు. మోసేవాడికి సామాను లేకుండా ప్రయాణం అంటే ఏం లాభం?

ఈమె కథలో ఒక నిమిషం ఆగాలి. ఎప్పుడు చూసినా మెడ దాకా నల్లటి సూట్, చేతులకి గ్లవుజులు. ఎందుకో తెలిసేసరికి కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుంది. ఆమె డెలివరీ కంపెనీతో చేతులు కలిపిన విలన్ హిగ్స్, వాళ్ళకి తెలియకుండా బాంబు మోయించి మిడిల్ నాట్ సిటీ అనే ఊరిని లేపేశాడు. తర్వాత సౌత్ నాట్ సిటీ వంతు. అప్పుడు ఆమె వాడికి చిక్కింది. వాడు రెండు దారులు పెట్టాడు. నీ శక్తి వాడి మాయమైపో, ఊరు పోతుంది. లేదా లోదుస్తులతో ఆ టైమ్‌ఫాల్‌లో పరిగెత్తి బాంబుని బయట పారెయ్. ముఖం మాత్రం తడవకుండా కప్పి పంపాడు, చేసింది ఎవరో లోకానికి తెలియాలని.

ఆమె పరిగెత్తింది. ఊరు బతికింది. ముఖం పడుచుపిల్ల ముఖంగానే ఉండిపోయింది, మెడ కింద నుంచి ఒళ్ళంతా ముసలిదైపోయింది. ఇక్కడ నన్ను పట్టి ఆపేసింది ఏంటంటే, తప్పించుకునే శక్తి ఉన్న మనిషిని చావగొట్టాలంటే ఆ శక్తి తీసెయ్యక్కర్లేదు. అది వాడుకోలేని చోట నిలబెడితే చాలు. ఇంత చేసినా జనం ఆమెనే బాంబులు మోసిన మనిషిగా చూస్తారు. తర్వాత మన చేత కూడా అలాంటి పార్సిల్ ఒకటి అదే సౌత్ నాట్ సిటీకి మోయిస్తారు. చూసుకోకుండా ఊళ్ళోకి పట్టుకెళ్తే అంతే సంగతులు. ఆమె బాంబు పారేసిన గుంతలోని తారు చెరువు దాకా వెళ్ళి పారేసి రావాలి. ఆ ఒడ్డున నిలబడ్డప్పుడు ఆమె పరుగు ఎంత దూరమో నా కాళ్ళకి తెలిసింది.

హిగ్స్ గురించి ఎక్కువ చెప్పను. బంగారు ముసుగు, బీటీల్ని కుక్కల్లా ఉసిగొల్పే బలం. నటించిన ట్రాయ్ బేకర్ అదరగొట్టాడు. కానీ వాడి బలం అరువు సొమ్ము, వేరే వాళ్ళు ఇచ్చింది. అందుకే ఇంత హడావుడి చేసినా వాడు నా మనసులో నిలవలేదు.

మొదట్లో చెప్పిన మనిషి దగ్గరికి వద్దాం. పేరు హార్ట్‌మ్యాన్. ఒకప్పుడు గుండె ఆపరేషన్ జరుగుతుండగా కరెంటు పోయి, అతని గుండె 21 నిమిషాలు ఆగింది. ఆ కాసేపూ అతను బీచ్ మీద ఉన్నాడు. అక్కడ తన భార్యా కూతురూ నడిచి వెళ్ళిపోతుంటే చూశాడు. కళ్ళు తెరిచేసరికి బయట వాళ్ళిద్దరూ నిజంగానే పోయారు. అప్పటినుంచి కావాలనే చచ్చిపోతున్నాడు, వాళ్ళని వెతకడానికి. వేరేవాళ్ళ బీచ్‌లకి వెళ్ళగలగడం అతని శక్తి. 3 నిమిషాలు వెతకడం, ఖాళీ చేతులతో రావడం.

అతని ల్యాబ్‌లో ఇసుక గడియారం ఉంటుంది. షెల్ఫుల నిండా పుస్తకాలు, సినిమాలు, పాటలు. అన్నీ 21 నిమిషాల్లో అయిపోయేవే. ఇది నన్ను కుదిపేసింది. మనిషి తన దుఃఖాన్ని ఇల్లులా సర్దుకున్నాడు. వచ్చినవాళ్ళకి మర్యాద చేస్తాడు, మాట మధ్యలో చచ్చిపోవాల్సి వస్తే క్షమించమని అడుగుతాడు. అంత పెద్దమనిషి.

ఇక మామా. నేను ఈ వీడియో చేసిందే ఈమె కోసం.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. 2020లో మా అక్కకి డాలస్‌లో డెలివరీ. అమ్మ వెళ్ళాలి. టికెట్ తీసుకున్నాం, కారప్పూసా, వాము, శొంఠీ, పసిబిడ్డకి పాత చీర గుడ్డలూ సూట్‌కేసులో సర్దేశాం. విమానాలు ఆగిపోయాయి. ఆ సూట్‌కేసు నెలల తరబడి హాల్లో గోడకి ఆనుకునే ఉంది. అక్క అక్కడ ఒక్కతే బిడ్డని కంది. అమ్మ ఇక్కడ ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఆ రోజుల్లోనే ఫ్రెండ్ దగ్గర పీఎస్4 తెచ్చుకుని ఈ గేమ్ ఆడాను.

మామా అసలు పేరు మాలింగెన్. లాక్నే అని కవల సోదరి ఉంది. చిన్నప్పటినుంచి ఒకరి మనసులో మాట ఇంకొకరికి నోరు విప్పకుండానే తెలిసేది. లాక్నేకి బిడ్డని కనే వీలు లేదు, తన తోడునీ పోగొట్టుకుంది. అందుకని లాక్నే బిడ్డని మామా తన కడుపున మోసింది. పురుడు పోసుకునే వేళకి ఆసుపత్రి కూలింది. శిథిలాల కింద ఇరుక్కుని ఉండగానే బిడ్డ పోయింది, చచ్చిపోయినవాళ్ళ లోకం నుంచే పుట్టింది. బీటీగా. బొడ్డుతాడు మాత్రం తెగలేదు. ఆ తాడు బిడ్డని ఆ చోటికి కట్టేసింది, తల్లిని బిడ్డకి కట్టేసింది. అందుకని మామా ఆ చోటు వదిలి ఎక్కడికీ పోలేదు. ఎవరికీ కనిపించని బిడ్డకి జోలపాడుతూ, పాలిస్తూ, ల్యాబ్ పని చేసుకుంటూ ఉంటుంది. సోదరితో మనసు కలిసే ఆ శక్తి కూడా తెగిపోయింది. అక్కడ లాక్నే ఏమనుకుంటోంది? నా బిడ్డని ఇది దాచేసుకుంది అని.

మనకి పేగుబంధం అన్న మాట ఉంది. ఎన్నిసార్లు వాడి ఉంటాం, దాని అర్థం ఏంటో ఎప్పుడూ ఆలోచించకుండా. ఇక్కడ ఆ మాటకి రూపం కనిపిస్తుంది. గాల్లో తేలే ఒక నల్లటి తాడు, ఒక చివర తల్లి, ఇంకో చివర చావు.

ఆమె బయటికి రావాలంటే ఆ తాడు తెగాలి. సామ్ చేతే తెగ్గోయించుకుంటుంది. తెగిన క్షణంలో బిడ్డ వెళ్ళిపోతుంది. అప్పుడు తెలుస్తుంది మనకి, మామా కూడా ఆ శిథిలాల కిందే ఎప్పుడో చనిపోయిందని. ఇన్నాళ్ళూ ఆమెని నిలబెట్టింది ఆ తాడే. ఇక నడవలేదు. సామ్ ఆమెని వీపున కట్టుకుంటాడు, మౌంటెన్ నాట్ సిటీలో ఉన్న లాక్నే దగ్గరికి.

గుర్తుందా, ఆట మొదట్లో సామ్ మోసే పెద్ద బరువు కూడా ఒక మనిషే. తనని పెంచిన తల్లి శవం. ఈ లోకంలో శవాన్ని త్వరగా కాల్చకపోతే బీటీ అయిపోతుంది కాబట్టి వీపున వేసుకుని దహనశాలకి తీసుకెళ్తాడు. అప్పుడు నాకు బటన్లు ఇంకా అలవాటు కాలేదు. బ్యాలెన్స్ కోసం కంట్రోలర్ మీది ఎల్2, ఆర్2 రెండూ నొక్కి పట్టుకుని, తూలకుండా, రాయి రాయి చూసుకుంటూ నడిచాను. ఇప్పుడు మామాని మోసేటప్పటికి చేతులకి అన్నీ వచ్చు. అయినా అలాగే నడిచాను. పరుగెత్తే దారి ఉన్నా పరుగెత్తలేదు. పడేస్తానేమోనని టెన్షన్.

అమ్మ హాల్లో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. మామూలుగా నా గేమ్స్ వైపు చూడదు. ఆ రోజు తల ఎత్తి, "ఎవర్నిరా అలా మోసుకుపోతున్నావు?" అంది. చెప్పాను. బిడ్డ పోయిందమ్మా, ఈమె తోడబుట్టినామె వేరే ఊళ్ళో ఉంది, అక్కడికి అని. ఎందుకు కలవలేదు ఇన్నాళ్ళూ అంది. రాలేకపోయింది అన్నాను.

అమ్మ ఇంకేం అడగలేదు. గోంగూర పక్కన పెట్టి, వచ్చి నా పక్కన సోఫాలో కూర్చుంది. నేను ఒక వాగు దాటాను, ఒక గుట్ట ఎక్కాను. దూరంగా ఊరి గోడలు కనిపించాయి. ఇద్దరు సోదరీమణులూ నుదురూ నుదురూ ఆనించుకున్నారు, మామా ప్రాణం లాక్నేలోకి వెళ్ళిపోయింది, ఆ రెండు మనసులూ మళ్ళీ ఒకటయ్యాయి. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అక్కకి ఫోన్ కలుపు," అంది.