బిట్లు బట్టీపడితే పైలట్ పేపర్లు గట్టెక్కుతామా?

యాంకర్: నమస్కారం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే రాత పరీక్షల గురించి ఈరోజు మన విజయవాడ స్టూడియోలో మాట్లాడుకుందాం. నేవిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్, అన్నీ ఆబ్జెక్టివ్ పేపర్లే, 70 శాతం వస్తే పాస్. బిట్లు చేయడమంటే మన పిల్లలకు వెన్నతో పెట్టిన విద్య. మనతో ఒక గ్రౌండ్ ఇన్‌స్ట్రక్టర్ మేడమ్, గుంటూరులో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన లెక్చరర్ గారు, ఈ పేపర్లకు చదువుతున్న ఒక అమ్మాయి ఉన్నారు. మేడమ్, సూటిగా అడుగుతాను. క్వశ్చన్ బ్యాంకు బట్టీపడితే పాసవుతారా?

ఇన్‌స్ట్రక్టర్: కొంతమంది అవుతారండీ, అవరని చెప్పను. కానీ అలా పాసైనవాళ్లని కూర్చోబెట్టి అడిగి చూడండి. బాగా ఎండగా ఉన్నరోజు టేకాఫ్‌కి రన్‌వే ఎక్కువ కావాలా తక్కువ కావాలా అంటే ‘ఎక్కువ’ అని ఠక్కున చెప్తారు. మీటర్లో అదే స్పీడ్ ఉన్నప్పుడు విమానం అసలు వేగం పెరిగిందా తగ్గిందా అంటే నోరు మెదపరు. నిజానికి రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే.

యాంకర్: ఒకటే ఎలా అయింది? మాకూ అర్థమయ్యేట్టు చెప్పండి.

ఇన్‌స్ట్రక్టర్: మన గన్నవరమే తీసుకోండి. దాదాపు సముద్రమట్టానికే ఉంటుంది, విమానాల లెక్కలకోసం పెట్టుకున్న స్టాండర్డ్ ప్రకారం అక్కడ 15 డిగ్రీలుండాలి. మే నెల మధ్యాహ్నం 45 అనుకుందాం, అంటే 30 ఎక్కువ. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పల్చదనాన్ని బట్టి లెక్కకట్టే ఎత్తు, పెరుగుతుంది కాబట్టి 3,600 అడుగులు. రన్‌వే ఉన్నచోటే ఉంది, విమానానికి మాత్రం అంత ఎత్తులో ఉన్న గాలే దొరుకుతోంది. గాలి పల్చబడింది, ఇంజిన్ బలం తగ్గింది, ప్రొపెల్లర్ లాగేదీ తగ్గింది, పైగా రెక్కకి సరిపడా లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, రావాలంటే ఇంకాస్త వేగంగా పరిగెత్తాలి. ఆ ఎయిర్‌స్పీడ్ మీటర్ కూడా కొలిచేది ఆ పల్చటి గాలి కొట్టే ఒత్తిడినే, అందుకని మీటర్లో ముక్కు లేపాల్సిన స్పీడ్ మారదు, నేలమీద చక్రాల వేగం మాత్రం ఎక్కువుంటుంది. ఇది ఒక్కసారి బుర్రకెక్కిందా, ప్రశ్న ఎటు తిప్పి అడిగినా చెప్పేస్తారు.

లెక్చరర్: నేను మొదట్నుంచీ చెప్పేది ఇదే. మన దగ్గర ఇంటర్లోనే పాడైపోతోంది, ‘ఎందుకు’ అని అడిగే పిల్లాడికి టైమ్ లేదు, బిట్ బ్యాంకు పూర్తవ్వాలి. నన్నడిగితే ఈ చదువులో బట్టీ అన్నమాటే ఉండకూడదు.

ఇన్‌స్ట్రక్టర్: అక్కడ మాత్రం మీతో ఒప్పుకోను సార్. విమానం గుర్తింపుని కింద రాడార్‌కి పంపే ట్రాన్స్‌పాండర్‌లో కోడ్ 7700 అంటే ఎమర్జెన్సీ, 7600 అంటే రేడియో పోయింది, 7500 అంటే హైజాక్. ఇందులో అర్థం చేసుకోవడానికి ఏముంది? కంఠతా రావాల్సిందే. ఇంజిన్ ఆగినప్పుడు వెంటనే చేయాల్సిన పనులూ అంతే, అప్పుడు కూర్చుని ఆలోచించే తీరిక ఉండదు. రెగ్యులేషన్స్ పేపర్లో సగానికి సగం ఇలాంటివే. ఏది బట్టీపట్టాలో ఏది పట్టకూడదో విడదీసుకోవడం రాకపోవడమే అసలు బాధ.

లెక్చరర్: సరే, కోడ్ల వరకు ఒప్పుకుంటాను.

విద్యార్థిని: సార్, కంపాస్ సంగతి ఏ లెక్కలోకి వస్తుంది? ‘యాక్సిలరేట్ నార్త్, డీసెలరేట్ సౌత్’ అని అందరం ముక్కున పట్టేసుకున్నాం. తూర్పుకో పడమరకో వెళ్తూ వేగం పెంచితే కంపాస్ ఉత్తరానికి తిరిగినట్టు చూపిస్తుంది, తగ్గిస్తే దక్షిణానికి. మా సీనియర్లు ఫ్లయింగ్‌కి సౌత్ ఆఫ్రికా వెళ్లారు, అక్కడ ఇది మొత్తం తిరగబడుతుందట.

ఇన్‌స్ట్రక్టర్: తిరగబడుతుందమ్మా, న్యూజిలాండ్‌లోనైనా అంతే. భూమి అయస్కాంతం సూదిని కిందికి కూడా లాగుతుంది, మన వైపు ఉత్తరం కొనని, అటువైపు దక్షిణం కొనని. సూది వాలకుండా వేలాడేట్టు అమర్చడంవల్ల దాని బరువు ఇరుసుకి అవతలి పక్కకి జరుగుతుంది, మనకైతే దక్షిణం పక్కకి. ఇప్పుడు తూర్పుకి వెళ్తూ వేగం పెంచావు. ఆ బరువు వెనకబడుతుంది, అంటే దక్షిణం కొన పడమర వైపు జరుగుతుంది, ఉత్తరం కొన తూర్పుకి వస్తుంది, దాంతో నువ్వు ఉత్తరానికి తిరిగినట్టు కనిపిస్తుంది. భూమధ్యరేఖ దాటితే బరువు ఉత్తరం పక్కనుంటుంది, మిగతాదంతా నువ్వే చెప్పగలవు.

విద్యార్థిని: వేగం పెంచితే దక్షిణానికి తిరిగినట్టు చూపిస్తుంది.

లెక్చరర్: అంతేనమ్మా! ఇది చెప్పడానికి ఏ బ్యాంకూ అక్కర్లేదు. సరే, ఇంకొకటి. బందరు తీరానికి తుఫాను వస్తోంది. నువ్వు హైదరాబాద్‌లో ఎత్తు చూపే ఆల్టీమీటర్‌కి గాలి ఒత్తిడి 1010 సెట్ చేసుకుని బయల్దేరావు, ఇక్కడ గన్నవరంలో 996 ఉంది, నువ్వు మార్చడం మర్చిపోయావు. ఆల్టీమీటర్ 2,000 అడుగులు చూపిస్తుంటే నువ్వెక్కడున్నావు?

విద్యార్థిని: తేడా 14 హెక్టోపాస్కల్స్, ఒక్కోదానికి 30 అడుగులనుకుంటే 420. అంటే 1,580 దగ్గరున్నాను సార్. ఒత్తిడి తగ్గితే మీటర్ దాన్ని ఎత్తు పెరగడం అనుకుంటుంది, కాబట్టి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

యాంకర్: మేడమ్, పరీక్ష దగ్గరపడ్డ పిల్లలు క్వశ్చన్ బ్యాంకులు పక్కన పడేయాలంటారా?

ఇన్‌స్ట్రక్టర్: పడేయొద్దు, వాడే పద్ధతి మార్చుకోండి. ఆప్షన్లు చేత్తో మూసేసి ముందు జవాబు మీరే కాగితం మీద రాయండి, తర్వాత చెయ్యి తీసి చూడండి. మీ జవాబు అక్కడ లేకపోతే ఆ చాప్టర్‌కి వెనక్కెళ్లండి. ఉంటే, మిగతా మూడూ ఎందుకు తప్పో ఒక్కో ముక్క రాయండి. ఇలా చేస్తే రోజుకి వంద ప్రశ్నలు అవ్వవు, ఇరవై అయినా చాలు. పరీక్షకి ముందురోజు మాత్రం కోడ్లు, లైట్ సిగ్నల్స్, రూల్స్ చూసుకోండి, బట్టీ అంతా దానికి అట్టిపెట్టండి.