కడగని ఫోటోలు 38 వేలు, ఈలోగా కొండ బయటికొచ్చింది

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఇక్కడ అమెరికాలో, సియాటిల్ దగ్గర, ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. మీకు రాత్రి పది అయ్యుంటుంది. ఈ వీడియో అమ్మ కోసం. ఆ మాటకొస్తే ఈ చానెలే అమ్మ కోసం మొదలుపెట్టాను. "రోజంతా ఏం చేస్తావే అక్కడ?" అని అడిగితే ఫోన్‌లో చెప్పడం చేతకాక. ఉన్న 212 మంది సబ్‌స్క్రైబర్లలో సగం మా పిన్నులూ బాబాయిలే. మిగతా సగం వాళ్ళ ఫోన్లు లాక్కుని నొక్కిన పిల్లలు.

ఇందాకే అమ్మ ఫోన్ పెట్టేసింది. అడిగింది ఒక్కటే. "ఆ పూలతోటలో తీసిన ఫోటోలు ఇంకా కడిగించలేదా?"

2024 ఏప్రిల్‌లో అమ్మా నాన్నా వచ్చినప్పుడు స్కాజిట్ వ్యాలీకి టులిప్స్ చూడటానికి వెళ్ళాం. సియాటిల్ నుంచి ఉత్తరంగా కార్లో గంట పైన పడుతుంది. ఏప్రిల్ నెలంతా అక్కడ పొలాలకి పొలాలే పువ్వులు, మనకి వరి ఉన్నట్టు. ఆ ఫోటోలే అమ్మ అడుగుతున్నది. రీళ్ళ కాలం పోయి ఎన్నేళ్ళైనా అమ్మకి ఫోటో అంటే కడిగించేదే. ఆలోచిస్తే ఆ మాటే సరైనది. నేను తీసేవి రా ఫైల్స్. కెమెరా చూసింది చూసినట్టు దాచిపెడుతుంది, అంతే. వెలుగు, రంగు మనం కంప్యూటర్లో సరిచేస్తే గానీ ఫోటోకి కళ రాదు. అప్పటిదాకా ఉప్పు వేయని పప్పులా ఉంటుంది. అంటే కడగాల్సిందే. అలా కడగకుండా నా దగ్గర పడున్నవి ఎన్నో స్క్రీన్ చూపిస్తాను, ఇదిగో. 38,412.

నవ్వకండి.

మా అమ్మానాన్నల పెళ్ళి మొత్తం రెండు రీళ్ళలో అయిపోయింది. రీలుకి 36, అదృష్టం బాగుంటే చివర్లో 37వది. నేను ఒక్క కొంగ మీద ఐదు సెకన్లలో రెండు రీళ్ళు తీసేస్తాను. కెమెరా సెకనుకి 15 తీస్తుంది కదా, బటన్ మీంచి వేలు ఎత్తేలోపు 75 పడిపోతాయి. ఒక్కోటి 25 ఎంబీ.

సరే, ఈరోజు వాన అన్నారు. రోజంతా అన్నారు. కాబట్టి ఎటూ కదలకుండా కూర్చుని ఫోటోలు కడుగుతాను, మీకూ చూపిస్తాను. ఇదీ ప్లాన్. ముందు టులిప్స్ ఫోల్డరే తెరవాలి నిజానికి. కానీ అది తెరిస్తే ఈరోజు ఇంకో పని కాదని నాకు తెలుసు. అందుకని కొంగతో మొదలుపెడదాం.

ఇది మా ఇంటికి దగ్గర్లో, కర్క్‌లాండ్‌లో జువానిటా బే పార్కు. రాసేది అలా గానీ ఇక్కడివాళ్ళు 'వానీటా' అంటారు. నేను మొదటి ఏడాదంతా జువానిటా అనే అన్నాను, ఒక్కరూ సరిదిద్దలేదు, మర్యాద. ఒకప్పుడు ఇది గోల్ఫ్ మైదానం. అంతకు ముందు చాలా భాగం నీళ్ళే. 1916లో ఓడల కాలవ తవ్వి లేక్ వాషింగ్టన్‌ని సముద్రానికి కలిపినప్పుడు చెరువు మట్టం తొమ్మిది అడుగులు దిగిపోయిందట. ఆ తేలిన నేలే ఇప్పుడు పక్షులకి చిత్తడి. దాని మీద చెక్కలతో వంతెన కట్టారు, నీళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళొచ్చు. టికెట్టు లేదు, కారు పెట్టుకోడానికీ డబ్బుల్లేవు.

ఈ పక్షి గ్రేట్ బ్లూ హెరాన్. మన చెరువుల దగ్గర నారాయణ పక్షి ఉంటుంది చూశారా, దానికి పెద్దన్నయ్య. నాలుగడుగుల ఎత్తు, తూకం మాత్రం రెండున్నర కిలోల దగ్గరే. అంతా కాళ్ళూ మెడే. గంటసేపు కదల్లేదండీ. నాకు వేళ్ళు కొంకర్లు పోయాయి, చేతికి గ్లవ్ ఉంటే బటన్ తెలీదు, తీస్తే చలి. ఎప్పుడు కదిలిందో కూడా చూడలేదు, చూసేసరికి మెడ నీళ్ళలో ఉంది.

ఇప్పుడు వీటిని ఏరాలి. బియ్యంలో రాళ్ళు ఏరడం తేలిక, రాయి రాయిలా ఉంటుంది. ఇక్కడ 75 గింజల్లో ఒక మంచి గింజ ఏరాలి. ఇది చూడండి, 31వది. ముక్కు చివర నీటి బొట్టు, చేప తోక బయటికి. అద్భుతం. కానీ కన్ను తెల్లగా ఉంది. నీళ్ళలో పొడిచేటప్పుడు పక్షి కంటి మీద ఒక పొర మూసుకుంటుంది, దెబ్బ తగలకుండా. ఫోటోలో మాత్రం శుక్లం వచ్చిన ముసలాయనలా కనిపిస్తుంది. 34లో కన్ను బాగుంది, బొట్టు లేదు. 36లో రెండూ ఉన్నాయి, చేప లేదు, మింగేసింది. గంటన్నర కూర్చుని 68 డిలీట్ చేశాను. మిగిలిన ఏడింట్లో ఏది ఉంచాలో తేల్చుకోలేక ఏడూ ఉంచాను.

ఇన్ని ఎలా పోగయ్యాయని అడుగుతారు. పాస్ వల్ల. ఇక్కడ స్టేట్ పార్కుల్లో కారు పెట్టాలంటే డిస్కవర్ పాస్ ఉండాలి, అద్దానికి వేలాడదీస్తాం. రోజుకైతే 10 డాలర్లు, ఏడాదికి 45. 2025 అక్టోబరు దాకా 30 ఉండేది, సరిగ్గా పెంచాకే నాకు కొనాలనిపించింది. డాలరుకి 90 వేసుకుంటే 4,050 రూపాయలు. మన బుద్ధి మీకు తెలుసు కదా, ఐదుసార్లు వెళ్తే గానీ గిట్టుబాటు కాదు, ఆరోసారి వెళ్తే లాభం, ఏడోసారి ఇంకా లాభం. ఇప్పటికి పదకొండుసార్లు వెళ్ళాం. మా ఆయన లెక్కలో 65 డాలర్లు మిగిలాయి. ఆ మిగుల్చుకోవడంలో ఏడు వేల ఫోటోలు వచ్చి పడ్డాయి, వాటికి చోటు చాలక కొత్త డిస్క్ కొన్నాను. దాని మీద 120 అని ఉంటుంది, కౌంటర్ దగ్గర 132 అవుతుంది. ఇక్కడ ఎమ్మార్పీ అనేది లేదండీ. ట్యాక్స్ విడిగా బిల్లులో కలుపుతారు. ఇన్నేళ్ళైనా నాకు ఆ క్షణంలో మోసపోయినట్టే ఉంటుంది. పన్నెండు వేల రూపాయలు, ఖాళీ పెట్టెకి! మా ఆయనకి పది వేలని చెప్పాను. ఆయన ఈ వీడియో చూడరు.

ఏం చెప్తున్నాను? ఆ, ఏరడం. ఇప్పుడు టులిప్స్—

(ఆగండి, మా ఆయన కిందనుంచి అరుస్తున్నారు.)

కొండ బయటికొచ్చిందట!

ఇది మీకు చెప్పాలి. ఇక్కడికి ఆగ్నేయంగా మౌంట్ రేనియర్ ఉంది, 14,410 అడుగులు, నెత్తిన ఏడాది పొడుగునా మంచు. అగ్నిపర్వతం కూడాను. చలికాలమంతా మబ్బులో ఉంటుంది. ఎప్పుడైనా మబ్బు విడితే ఇక్కడివాళ్ళు "కొండ బయటికొచ్చింది" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆఫీసులో మీటింగ్ మొదట్లో కూడా ఇదే మాట. కొండ ఎక్కడికీ పోలేదు, మబ్బే జరిగింది. కానీ నాకీ మాట ఎంత ఇష్టమో. అచ్చం దర్శనం లాగే ఉంటుంది, తెర తీశారంటే ఇంక ఇంట్లో కూర్చోలేం. ఫోటోలు ఎక్కడికి పోతాయి? డిస్క్‌లోనే ఉంటాయి.

నాలుగింటికి బయల్దేరాం. నీళ్ళ మీద తేలే వంతెన దాటి, దానికో టోల్ కట్టి, సియాటిల్‌లో కెర్రీ పార్కుకి వచ్చాం. పార్కు అంటే పార్కేం కాదు, కొండవాలు మీద మన కళ్యాణ మండపం అరుగంత చోటు. ఎదురుగా స్పేస్ నీడిల్ అనే టవర్, 1962లో వరల్డ్ ఫెయిర్ కోసం కట్టారు, దాని వెనకాల రేనియర్. ఫోన్‌తో తీస్తే కొండ ఇడ్లీ అంత వస్తుంది. పొడుగు లెన్స్‌తో తీస్తే ఊరి నెత్తిన కూర్చున్నట్టు వస్తుంది. అందుకే ఇక్కడ అందరి దగ్గరా పొడుగు లెన్సులే, ట్రైపాడ్ల కాళ్ళు ఒకదాన్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి. కానీ తోపులాట లేదు. ముందున్నాయన పది ఫోటోలు తీసుకుని, తనే పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.

ఐదుంపావుకి మంచు గులాబీ రంగుకి తిరిగింది. రెండు నిమిషాలు. మాట్లాడుకునేవాళ్ళు కూడా ఆగిపోయారు.

ఒక కుటుంబం ఫోన్ ఇచ్చి తీయమన్నారు. నా మెడలో కెమెరా చూస్తే అందరూ నన్నే అడుగుతారు. పెద్దావిడ శాలువా సరిచేయించి, పిల్లాణ్ణి ముందుకి లాగి, నాలుగు తీసిచ్చాను. "మీది తీయనా?" అని అడిగిందా పెద్దావిడ. మా ఆయన కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ ఇంకా తిరుగుతూనే ఉన్నారు. ఒక్కదాన్నే ఏం నిలబడతానులే అని పర్లేదండీ అన్నాను. ఈ 38 వేలలో నేనున్నవి వెతికితే నా నీడ పడ్డవి దొరుకుతాయి.

ఇంటికొచ్చి కార్డు దించాను. 640. కొంగవి 68 డిలీట్ చేశాను కదా, అవి పోగా ఇవి కలిపితే 38,984. ముప్పై తొమ్మిది వేలకి 16 తక్కువ.

రాత్రి ఎనిమిదికి, అన్నం తిన్నాక, సరే అని టులిప్స్ ఫోల్డర్ తెరిచాను. అమ్మ నేరేడు రంగు పట్టుచీర, పైన మా ఆయన జాకెట్టు చేతులు మడిచి, కింద స్పోర్ట్స్ షూస్. నాన్న బూటు బురదలో దిగబడిపోయింది. నాన్న ఒంటికాలి మీద, చెయ్యి అమ్మ భుజం మీద. అమ్మ నోరు బార్లా తెరిచి "చెప్పానా లేదా!" అంటోంది. ఆ గొంతు నాకు వినిపించింది. ఎర్ర టులిప్స్ రంగు మరీ మండిపోయి, రేకులు కనపడకుండా ముద్దలా ఉన్నాయి, ఎరుపు కాస్త తగ్గించాను. అమ్మ ముఖం మీద నీడ కొంచెం తేల్చాను. మూడు నిమిషాల పని. మూడే.

పంపాను. అక్కడ సోమవారం పొద్దున, పూజ అయ్యుంటుంది. వాయిస్ మెసేజ్ వచ్చింది, వినండి.

"ఇదేమిటే, నోరు తెరుచుకుని ఉన్నాను! ఇది కాదు. చిలకపచ్చ చీరది పంపు. పక్కింటావిడకి చూపిస్తానని చెప్పాను."

చిలకపచ్చ చీర పూలతోటకి కట్టుకోలేదు అమ్మా. అది ఇంకో రోజు. స్నోక్వాల్మీ జలపాతం దగ్గర అని మా ఆయన అంటున్నారు, నాకేమో జపనీస్ తోటలో అని గుర్తు. ఉండు, రెండు ఫోల్డర్లూ చూస్తాను.